పొద్దున్నే తెరిచే అంగడి

“వెబ్‌సైటును రాత్రిపూట మూసేదానికి అవుతుందా అప్పా?”

ఉదయ్ కుమార్ మౌస్ వదిలేసి బద్రీనాథ్ ముఖంలోకి చూశాడు. కృష్ణగిరిలో బ్రౌజింగ్ సెంటర్ పెట్టి ఏడాది దాటింది. ఇలాంటి ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“వెబ్‌సైటుకు రాత్రీ పగలూ ఉండదు సార్. ఎప్పుడూ తెరిచే ఉంటుంది.”

“ఎప్పుడూ తెరిచుంటే అదేమి అంగడి? మా ఆమె నమ్మదు.”

బద్రీనాథ్‌ది పక్కనున్న కావేరిపట్టణం. పెళ్ళయిన నాటి నుంచీ భార్య వసంతలక్ష్మీ ఆయనా పూజా సామాన్ల అంగడిలో పక్కపక్కనే కూర్చున్నవాళ్ళు. గుండె ఆపరేషన్ అయ్యాక ఆమె బెంగళూరులో కూతురింట మంచం పట్టింది. అంగడి చూడాలని ఒకటే బెంగ. ఆ బెంగతో తిండి సయించక సగమైపోయింది. మనవరాలు నమితకు కంప్యూటరుంది. అందులోనైనా అంగడిని చూపిస్తే మనిషి దక్కుతుందని ఆయన ఆశ.

ఉదయ్ ఓపిగ్గా మూడు దారులు చెప్పాడు. ఒకటి ఉచితం, కానీ ఇచ్చే కంపెనీవాళ్ళ ప్రకటనలు నెత్తిన మోయాలి. రెండోది తనే కూర్చుని తయారుచేసిస్తాడు. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఏ చిన్న మార్పుకైనా తనే కావాలి. మూడోదానికి ఏటా డబ్బు కట్టాలి. ఫోటోలు మాత్రం ఎవరికి వాళ్ళు మార్చుకోవచ్చు.

“ఉచితంది తీసుకుంటే, వాళ్ళు మనల్ని ఖాళీ చేయమంటారా?”

“అనొచ్చు సార్. జాగా వాళ్ళది కదా.”

బద్రీనాథ్ ముఖం నల్లబడింది. “అది వద్దే వద్దు.”

మూడోది ఖాయమైంది. సామాన్ల ధరలు, ఫోన్ నంబరు, అంగడికి దారి పెడదామని ఉదయ్ హుషారుగా మొదలెట్టాడు.

“అవేవీ వద్దప్పా. అంగడి కనబడితే చాలు.”

లోకంలో ఎవరైనా వ్యాపారం పెంచుకోవడానికి వెబ్‌సైటు పెడతారు. ఈయనదేం చోద్యమో. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఉదయ్ అవన్నీ తీసేశాడు.

ఆయన రెండు ఫోటోలు తెచ్చిచ్చాడు. షట్టర్ ఎత్తింది ఒకటి, దించింది ఒకటి. రోజూ పొద్దున్నే బస్సెక్కి వచ్చి, మానిటర్‌కు దణ్ణం పెట్టుకుని మొదటిది పెట్టేవాడు. చీకటి పడ్డాక మళ్ళీ వచ్చి రెండోది పెట్టేవాడు. అమావాస్య నాడు మాత్రం అంగడికి సెలవని షట్టర్ ఎత్తేవాడు కాదు.

“రోజూ రెండుసార్లు ఈడికొస్తే అంగడి ఎవరు చూసుకుంటారు సార్?”

“చూసుకునేదానికే కదప్పా వస్తా ఉండేది.”

వసంతలక్ష్మి లేచి కూర్చుంటోందనీ, గంజి తాగుతోందనీ అప్పుడప్పుడూ చెప్పేవాడు. చెప్పేటప్పుడు కళ్ళు తడిసేవి.

ఒకరోజు బంద్. బస్సుల్లేవు. కొంత దూరం నడిచి, కొంత దూరం ఎవరిదో మోపెడ్ ఎక్కి, మిట్టమధ్యాహ్నానికి చేరాడు. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది.

“నమిత ఫోన్ చేసింది. అంగడి యాల తెరవలేదని వాళ్ళవ్వ పొద్దున్నుంచి మాత్ర కూడా మింగలేదంట.”

షట్టర్ ఎత్తాకే కుర్చీలో కూలబడ్డాడు. నీళ్ళ గ్లాసు ఒక్క గుక్కలో ఖాళీ చేశాడు.  ఈ పెద్దాయనకు తానేమీ చేయలేదే అని ఉదయ్‌కు అనిపించింది. ఆ ఫోటోలు చూస్తే వెలిసిపోయినవి. కొత్తవి తీసి పెడితే ఆమె ఇంకా సంతోషిస్తుంది కదా.

ఆదివారం ఎవరికీ చెప్పకుండా కెమెరా పట్టుకుని కావేరిపట్టణంలో బస్సు దిగాడు. రోడ్డు పక్కన టీ కాస్తున్నతన్ని అడిగాడు.

“బద్రీనాథ్ సార్ అంగడి యాడన్నా?”

అతను నాలుగు వరసల కొత్త రోడ్డు నడిమధ్యకు చెయ్యి చూపించి, “అదో, ఆ లారీ పోతా ఉండే చోట ఉండేదప్పా, పోయినేడు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేసినారు” అన్నాడు.