సుంకి చేతిమీద వాత

తిమ్మమ్మకు ఈ లోకంలో అన్నిటికన్నా భయం సూది.

పామంటే అంత భయం లేదు. పాము కరిస్తే ఊరంతా పరిగెత్తుకొస్తాది. సూది పొడిచినాక బిడ్డ పోతే మాత్రం, రాత అంతే అని ఎవరిదారిన వాళ్లు పోతారు.

ఆమె పెద్దకొడుకు అట్లే పోయినాడు. జ్వరం ముదిరినాక ఎవరో సూది వేసినారు. పొద్దుగూకకముందే కన్నుమూసినాడు.

ఇంక మిగిలింది కూతురు సుంకి ఒక్కతే.

ఆ సోమవారం తిమ్మమ్మ వరిమడిలో కలుపు తీస్తాంటే కబురొచ్చింది. బళ్లారి పక్క తమ ఎమ్మిగనూరు బడికాడ ఎవరో ఒకామె బిడ్డలను వరసగా నిలబెట్టి పొడుస్తాండాదని.

మడి దాటి పరిగెత్తింది. పోయేసరికే సుంకి మోచేతి కింద చిన్న బుడిపె.

అరుగుమీద కళ్లద్దాలామె ఒకతె, చెక్కపెట్టె సర్దుకుంటాండాది.

"ఎవరి నడిగి పొడిచినావు?"

"ఏమీ కాదమ్మా. రేపు కొంచెం ఉబ్బుతుంది. దాన్ని ముట్టుకోవద్దు. బేస్తవారం వచ్చి చూస్తాను."

అంతే. తలెత్తకుండా చెప్పి, బస్సుకు టైమైందని పోయింది.

మర్నాటికి ఉబ్బింది.

పక్కింటి దుర్గక్క చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. "విషమంతా ఒగతావుకు చేరింది తిమ్మా! ఇప్పుడే కాల్చకుంటే ఒళ్లంతా పాకుతాది."

పసుపుకొమ్ము నిప్పుల్లో పెట్టి, ఎర్రగా అయినాక, ఆ వాపుమీదనే వాత పెట్టింది. సుంకి కేకకు వీధి మేలుకునింది. సాయంత్రానికి ప్రతి ఇంట్లోనూ పసుపు కాలిన వాసన.

బేస్తవారం కళ్లద్దాలామె వచ్చింది. వాపు ఎంతుందో కొలిచేకి చేతిలో చిన్న స్కేలు.

ఒక బిడ్డ చెయ్యి చూసింది. ఇంకో బిడ్డ చెయ్యి చూసింది. అన్నీ బొబ్బలే. కాలింది ఏదో, ఉబ్బింది ఏదో తెలియదు.

"ఎవరు పెట్టమన్నారమ్మా ఈ వాతలు?"

"మా అమ్మ పెట్టేది, వాళ్లమ్మ పెట్టేది" అనింది దుర్గక్క. "నిన్ను పొడవమన్న తల్లి ఎవరో చెప్పు, చూస్తాం!"

ఆడోళ్లు నవ్వినారు.

"ఆడపిల్లలకు కడుపు పండకుండా చేసే సూదంట గదా!"

"కళ్లద్దాలు చూడు, గుడ్లగూబ మాదిరి!"

ఆమె సుంకినే చూస్తాండాది.

"ఈ పాప దగ్గుతోందే. ఎప్పటినుంచి?"

"నువ్వు అడుగుపెట్టినప్పటినుంచి!" అనింది తిమ్మమ్మ. దగ్గు ఉగాదినుంచి ఉండాదని ఆమెకు తెలుసు.

"ఇంకో చేతికి ఒక్కసారి వేసి చూస్తే..."

తిమ్మమ్మ చేతిలో పేడనీళ్ల చెంబు ఉండాది. మొహాన కొట్టింది.

ఆమె కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకునింది. "సూది వద్దులేమ్మా. నేను ముట్టుకోను. బళ్లారికి తీసుకొని రా, వేరే డాక్టరు చూస్తారు."

"మళ్లా ఈ వీధిలో కనబడితే నీ పెట్టె కాలవలో ఉంటాది. పో!"

ఎవరో మట్టిపెళ్ల విసిరినారు. వీపుకు తగిలింది. వెనక్కి తిరిగి చూడలేదు.

మరుసటి వానలకు సుంకి ఎముకల గూడు అయింది. దగ్గితే ఉమ్ములో ఎర్రజీర.

అప్పుడే ఆస్పత్రి జీపు ఒకటి వచ్చింది. తిమ్మమ్మ తలుపు గడియ పెట్టుకునింది.

ఈసారి వచ్చిన సుబ్బరత్నమ్మ అనే నర్సు సూది తియ్యనే లేదు. నేరుగా దుర్గక్క ఇంటికే పోయి, "పెద్దమ్మా, తాగేకి నీళ్లియ్యి" అని కూచునింది. మర్నాడూ వచ్చింది. మాటల్లో పడినాక తన చేతికే పొడుచుకొని, "ఇది క్షయ ఉండాదో లేదో చూసే సూది. ఉబ్బుతాది, తనంతకు తానే పోతాది. నువ్వే చూస్తాండు పెద్దమ్మా" అనింది.

దుర్గక్క చూసింది. ఉబ్బింది. పోయింది.

ఆ దుర్గక్కే తిమ్మమ్మ తలుపు కొట్టి, సుంకి చెయ్యి పట్టుకొని నర్సు దగ్గరికి తీసుకుపోయింది.

సూది వేసినచోట సుంకి చెయ్యి రేగుపండంత లేచింది. ఊపిరితిత్తుల్లో క్షయ అన్నారు. బళ్లారి ఆస్పత్రిలో మంచాలన్నీ నిండినా, ఎట్లనో ఒకటి దొరికింది. దినామూ సూది. తిమ్మమ్మ కళ్లు మూసుకొని బిడ్డ కాళ్లు పట్టుకునేది.

దగ్గు తగ్గుమొహం పట్టినాక ఒకనాడు చూసిపోయేకి సుబ్బరత్నమ్మ వచ్చింది.

"నువ్వు దేవతవమ్మా" అనింది తిమ్మమ్మ. "పోయినేడు ఒగ రాకాసి వచ్చింది. నీ మాదిరి కూచొని నాలుగు మాటలు చెప్పింటే, మేం వాతలు పెట్టింటామా?"

సుబ్బరత్నమ్మ సుంకి దుప్పటి సర్దింది.

"ఆ మాట ఆ డాక్టరు లక్ష్మీకాంతమ్మే రిపోర్టులో రాసింది తిమ్మమ్మా. పల్లెవాళ్లు చెడగొట్టినారని రాయమన్నారంట పైవాళ్లు. 'తల్లుల పక్కన కూచోకుండా పొడిచినాను, తప్పు నాది' అని రాసింది. క్షయమీద ఆమె ఏం రాసినా దేశదేశాల డాక్టర్లు చదువుతారు. అది చదివినాకనే మాకందరికీ, ముందు కూచోండి, తర్వాతే సూది, అని నేర్పినారు."

"యాడుండాదమ్మా ఆమె?"

"ఆమెకూ అదే రోగం. ఏండ్లపొడుగునా బిడ్డల దగ్గు మొహాన పడింది గదా. ఈడనే ఉండె. ఎమ్మిగనూరునుంచి ఒక పాప వచ్చింది, మంచం లేదంటే, లేచి బ్రూస్‌పేటలో తన ఇంటికి పోయింది."

తిమ్మమ్మ సుంకి పండుకున్న మంచాన్ని చూసింది.

బిడ్డను వదిలి తిమ్మమ్మ కదిలే వీలు లేదు. బ్రూస్‌పేట దిక్కు పోయేవాళ్లు మీలో ఎవరన్నా ఉంటే, అంగళ్ల వెనక సందులో లక్ష్మీకాంతమ్మ ఇల్లని అడిగి, ఆమె ఎట్లుండాదో ఒక్కసారి చూసి రాండి.