కంపెనీ ఆపేసిన మాత్ర

“లేదమ్మా, స్టాకు రావడం లేదు,” అన్నాడు పాపారావు, చీటీ పూర్తిగా విప్పకుండానే.

అమలాపురం గడియారస్తంభం దగ్గర ఆయన మందుల షాపు. కృష్ణవేణికి ఆ మెట్లు కొత్త కాదు. ఎప్పుడొచ్చినా “రండి చెల్లెమ్మగారూ” అని స్టూలు జరిపే మనిషి. ఇవాళ తలెత్తి చూడటం లేదు.

“పోనీ ఎప్పుడొస్తుందండీ?”

“చెప్పలేనమ్మా.”

“అలా అంటే ఎలాగండీ? ఇంట్లో మనిషికి కంటి మీద కునుకు లేదు.”

పాపారావు వేరే బేరం చూసుకుంటున్నట్టు అటు తిరిగిపోయాడు.

కృష్ణవేణి మెట్లు దిగింది. ఎండ కళ్ళల్లో గుచ్చుకుంది.

ఆ నిద్రమాత్ర కాకినాడ పెద్ద డాక్టరుగారు ఆమె అత్తగారు నూకాలమ్మకి రాసింది. పక్షవాతంతో మంచాన పడ్డ నూకాలమ్మకి ఒళ్ళు తుడిచిందీ, జావ పట్టిందీ, పక్కలు మార్చిందీ కృష్ణవేణే. చీకటి పడితే చాలు, ఆవిడ కేకలకి వీధి వీధంతా మేలుకునేది. డాక్టరుగారు ఆ మాత్ర రాశాకే ఇల్లు నిద్రపోయింది.

విచిత్రమేమిటంటే, కృష్ణవేణి మొగుడు సింహాద్రి తోలేది మందుల వ్యానే. టోకు మందుల ఏజెన్సీలో అట్టపెట్టెలు వేసుకుని, కోనసీమలో ఊరూరా షాపులకి దింపి వస్తాడు. మాత్ర దొరకడం మానేశాక ఆయన్నే అడిగింది.

“కంపెనీయే ఆపేసిందంట వేణీ,” అన్నాడు, అన్నం పళ్ళెంలోంచి తలెత్తకుండా.

నమ్మింది. కట్టుకున్నవాడి మాట నమ్మక ఏం చేస్తుంది? అయినా ఏ మూలో పాత సరుకు మిగిలి ఉండకపోతుందా అని రాజోలు బస్సెక్కింది.

గన్నవరం అక్విడెక్టు వంతెన దగ్గర కొబ్బరికాయల లారీ ఒకటి అడ్డం పడి బస్సు నిలిచిపోయింది. పక్క సీటావిడ అదే పనిగా చూసి, “ఒంట్లో బాలేదాండీ? నిద్ర లేనట్టు కళ్ళు గుంటలు పడ్డాయి, చేతులు అలా వణుకుతున్నాయి?” అంది.

“బస్సు కుదుపండీ,” అంది కృష్ణవేణి.

రాజోలులో మొదటి రెండు షాపుల్లోనూ అదే మాట. మూడోది ఎస్టీడీ బూత్ పక్కన, బాపిరాజుగారిది. పెద్దాయన. చీటీ చూసి పెదవి విరిచారు.

“లేదండమ్మా.”

కృష్ణవేణి చూపు ఆయన భుజం మీదుగా అరలోకి వెళ్ళింది. తెల్ల డబ్బా. దానిమీద పసుపు గీతలు. ఆ డబ్బాని ఆమె కళ్ళు మూసుకున్నా గుర్తుపడుతుంది.

“అదిగోనండీ, ఉంది కదా!”

“అది... ఆర్డరు మీద తెచ్చిందమ్మా. వేరేవాళ్ళకి.”

“ఒక్క స్ట్రిప్పు ఇప్పించండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది.”

“మనిషిని తీసుకురండి, చూసి ఇస్తాను.”

“ఆవిడ రాగలిగితే నేనెందుకు వస్తానండీ?”

బాపిరాజుగారు కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. “మీరు వ్యాను సింహాద్రి ఇంటావిడ కదూ?”

కృష్ణవేణి తెల్లబోయింది. మొగుడి ఊసు తను ఎత్తనే లేదు.

“మీకెలా తెలుసండీ?”

“అతనే చెప్పి వెళ్ళేడమ్మా. ఈ చీటీ పట్టుకుని మా ఆవిడ వస్తుంది, ఎంత బతిమాలినా ఇవ్వొద్దండీ అని. సరుకు దింపే ప్రతి షాపులోనూ చెప్పేడంట. నన్ను తప్పుగా అనుకోకండి.”

బస్టాండు దాకా ఎలా నడిచిందో ఆమెకి తెలీదు. పరాయివాడు మోసం చేస్తే నాలుగు తిట్లు తిట్టి పోవచ్చు. ఒకే కంచంలో తిన్నవాడు చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? పాపారావు తలెత్తకపోవడం ఇప్పుడు అర్థమైంది. అందరికీ తెలుసు. పిచ్చిదానిలా మెట్లెక్కి దిగుతున్న తనకే తెలీదు. షాపుషాపుకీ వెళ్ళి పెళ్ళాం గురించి చెప్పి వచ్చినవాడు, ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు తను వడ్డించిన అన్నం తిన్నాడు.

ఇవాళ శుక్రవారం, వ్యాను కొత్తపేటలో ఉంటుంది. ఆమె ఇంటికి పోలేదు. కొత్తపేట బస్సెక్కింది.

మార్కెట్టు దగ్గర మందుల షాపు ముందు వ్యాను ఆగి ఉంది. సింహాద్రి భుజాన పెట్టెతో దిగుతూ, ఎదురుగా పెళ్ళాన్ని చూసి ఆగిపోయాడు.

“కంపెనీ ఆపేసిందన్నారు,” అంది కృష్ణవేణి.

అతను పెట్టెని మెల్లిగా కింద పెట్టాడు.

“ఆపింది కంపెనీ కాదు. మీరు. అవునా?”

“ఆయ్,” అన్నాడు సింహాద్రి. “నేనే.”

బొంకుతాడనుకుంది. బొంకినా బాగుండేది.

“మీ కన్నతల్లికి రాసిన మందండీ అది! మీ అప్పచెల్లెళ్ళు గుమ్మంలోంచి చూసి, ముక్కు మూసుకుని పోతే, ఆవిడవన్నీ ఎత్తింది నేను. ఒక్కనాడు విసుక్కున్నానా?”

“లేదు. నువ్వు చేసినట్టు కడుపున పుట్టినవాళ్ళం మేం చెయ్యలేదు. ఎవరడిగినా అదే చెప్తాను.”

“అయితే దానికి మీరిచ్చిన మర్యాద ఇదాండీ? ఊరూరా నన్ను ముష్టిదాన్ని చేసేరు. మీ చేత్తో మోసుకెళ్ళి షాపుల్లో పెడతారు, నా చేతికి మాత్రం అందనివ్వరు. ఏం పాపం చేసేనండీ నేను?”

షాపులోవాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. సింహాద్రి భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా కళ్ళు తడిగానే ఉన్నాయి. దగ్గరికొచ్చి, ఆమె రెండు చేతులూ పట్టుకుని, ఎవరికీ వినపడనంత మెల్లిగా అన్నాడు:

“అమ్మ పోయి ఏడాది దాటింది కదే, వేణీ!”