ఇంట్లో ఒకటే భాష

అమెరికాలో, రెడ్‌మండ్‌లోని ఆ ఇంట్లో మాయ తన భాష మాట్లాడుకునే చోటు గరాజ్ ఒక్కటే.

పాప అనికని కారు వెనక సీట్లో కూర్చోబెడుతుంది. పక్కన తనూ కూర్చుని తలుపులు వేసుకుంటుంది. అద్దాలు పైకెత్తుతుంది. కారు ఎక్కడికీ కదలదు. గొంతు తగ్గించి నాలుగు మాటలు చెబుతుంది. లోపల అడుగుల చప్పుడైతే ఆపేస్తుంది.

ఆ కట్టడి అత్తగారు జ్ఞానప్రసూనది. పాపకి ఏడాదిన్నర దాటినా ఒక్క మాట రాలేదు. డాక్టరు కంగారు పడొద్దన్నాడు. ఆవిడ మాత్రం ఇంట్లో భాషలు కలగాపులగం చేస్తే పిల్లకి ఏదీ రాదని తేల్చేసింది. పెద్దకొడుకు పిల్లల విషయంలో జరిగిన తప్పు ఇక్కడ జరగనివ్వనంది. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే భాష.

ఆవిడ చెడ్డది కాదు. మాయ నీరసంగా కనిపిస్తే చారన్నం కలిపి చేతికిస్తుంది. అందుకే ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

భర్త తేజేశ్వర్ స్నేహితుడు రఘు ఓసారి భోజనానికి వచ్చి వేళాకోళం చేశాడు.

"ఏరా, ఆఫీసులో పాలసీలు చాల్లేదా? ఉయ్యాల్లో పిల్లకి కూడా పెట్టారటగా."

అందరూ నవ్వారు. మాయా నవ్వింది.

మాయ అమ్మమ్మని చిన్నప్పుడు హాస్టల్ బడిలో తమ భాష మాట్లాడినందుకు మోకాళ్ళ మీద నిలబెట్టారు. ఆ భయంతో ఆవిడ కూతురికి నేర్పలేదు. ముసలితనంలో మనవరాలికి మాత్రం చాటుగా నేర్పింది. వాళ్ళవైపు ఓ ఆనవాయితీ ఉంది. పుట్టిన బిడ్డకి ఇంట్లోవాళ్ళు ఒక పాట కడతారు. అది బిడ్డ మీద పాట కాదు, బిడ్డ సొంత పాట. మాయకి అమ్మమ్మ కట్టింది. అనికకి మాయ కట్టింది. పాడి వినిపించకపోతే అది పాపకి చెందదు.

ఆ మధ్యాహ్నం బయట వాన. కారులో మాయ పాడుతుంటే, పాప ఆమె నోటివైపే చూస్తూ సన్నగా గొంతు కలిపింది. మాయ ఒళ్ళు మరిచి గట్టిగా పాడేసింది.

ఇంట్లోకి వెళ్ళే తలుపు తెరుచుకుంది. అత్తగారు. వెనక తేజేశ్వర్.

"ఇక్కడా మొదలెట్టావా, అమ్మాయ్?"

"అత్తయ్యా, ఇప్పుడే నాతోపాటు పాడింది. ఒక్కసారి వినండి."

"మొదటి మాటే ఆ భాషలో వస్తే ఇక దాన్ని మళ్ళించగలమా?"

మాయ భర్తవైపు చూసింది. అతను చెవిలోంచి ఇయర్‌ఫోన్ తీశాడు.

"అమ్మ టెన్షన్ పడుతోంది. అడ్జస్ట్ అవ్వు, మాయా. అయినా ఆ భాష వచ్చి ఏం చేస్తుంది ఇది? ఈ దేశంలో ఎవరితో మాట్లాడుతుంది?"

మాట్లాడితే మాయ అమ్మమ్మతోనే మాట్లాడాలి. ఆవిడ పోయింది.

జ్ఞానప్రసూన మనసు కాస్త కరిగింది. కారు తలుపు తీసి పాపని ఎత్తుకుంది.

"పాటే కదా నీకు కావాల్సింది? నేను నేర్పుతాగా. నా వెనకాలే అను."

నార్వే మంచులో రెయిన్‌డీర్లు మేపుకుని బతికిన సామీ తెగవాళ్ళ మనవరాలు మాయ, తలవంచుకుని, పెళ్ళయ్యాక పట్టిపట్టి నేర్చుకున్న తెలుగులో అత్తగారి వెనకాలే లాలిపాట అందుకుంది.