తోలేవాడి లొట్టి

“కారు తోలేది ఎవరండీ?”

తాటిచెట్టు దిగి, నడుముకున్న మోకు విప్పుకుంటూ వెంకన్న అడిగిన మొదటి మాట అది.

“నేనే. ఏం?” అన్నాడు ప్రసన్నకుమార్.

“ఏం లేదు బాబూ, ఊరికే అడిగానండి. కూర్చోండి.”

ప్రసన్నకుమార్‌ది విశాఖపట్నం. సొంతంగా బీరు కాచే బార్లు తిరిగి, ఒక్కోదానికి మార్కులేసి, ఫోన్లో వీడియోలు పెట్టడం అతని సరదా. చూసేవాళ్ళు లక్షమంది. నెలకో శనివారం గణేష్‌బాబునీ, పల్లంరాజునీ కారెక్కించుకుని ఏదో ఒక ఊరు బయలుదేరతాడు. బెంగుళూరయింది, పూణే అయింది. ఈసారి “మిషన్లు లేని బ్రూవరీ చూపిస్తాన్రా” అని స్నేహితుల్ని ఊరించి, రాత్రి రాజమండ్రిలో పడుకోబెట్టి, పొద్దున్నే నిడదవోలు దాటి కాలవగట్టు మీది ఈ తాటితోపుకి తీసుకొచ్చాడు.

వెంకన్న రెండు కల్లు లొట్లు స్నేహితులిద్దరి ముందూ పెట్టాడు. మూడోది మాత్రం అవతలి చెట్టెక్కి దించుకొచ్చాడు.

“ఇది నాకా?”

“ఆయ్, తమరికేనండి.”

నాలుగు ముంతలయ్యేసరికి గణేష్‌బాబు పాటందుకున్నాడు. పల్లంరాజు కళ్ళు మూతలు పడుతున్నాయి. ప్రసన్నకుమార్‌కి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. నాలిక మీద ఒకటే తీపి.

“ఏంట్రోయ్! ఊళ్ళో బీర్లన్నిటికీ మార్కులేసే మొనగాడివి, నీకు కల్లు ఎక్కలేదా?” అని గణేష్‌బాబు పకపకా నవ్వాడు.

ప్రసన్నకుమార్‌కి రోషం పొడుచుకొచ్చింది. లొట్టి వంచి చూశాడు. అడుగున తెల్లగా ఏదో పేరుకుని ఉంది.

“ఏంటయ్యా ఇది? ఏం పౌడర్ కలిపావు?”

“పౌడర్ కాదండి బాబూ.”

“మరేంటి?”

వెంకన్న నోరు తెరిచాడు. కారు వంక చూశాడు, కాలవ వంక చూశాడు. మళ్ళీ మూసేసుకున్నాడు.

“చెప్పవేం? పంచదార నీళ్ళలో పౌడర్ కలిపి కల్లంటావా? మేమేమన్నా వెర్రివాళ్ళలా కనపడుతున్నామా?”

ఫోను తీశాడు. లొట్టి అడుగూ, వెంకన్న మొహమూ దగ్గరగా చూపించాడు. “ఫ్రెండ్స్, గోదావరి జిల్లాల కల్లని ఎగబడకండి. ఇదిగో కల్తీ, ఇదిగో కలిపినవాడు!” అని అక్కడికక్కడే పెట్టేశాడు. పోతూ పోతూ లొట్టిని కాలితో తన్నాడు కూడా.

“ముందు మలుపుందండి, నెమ్మదిగా వెళ్ళండి” అన్నాడు వెంకన్న.

నాలుగు కిలోమీటర్లు వెళ్ళారో లేదో పోలీసులు ఆపారు. కార్లు కాలవలో పడుతున్నాయని ఆదివారాలు అక్కడ కాపలా ఉంటారు. కానిస్టేబుల్ గొట్టం ఇచ్చి ఊదమన్నాడు.

ప్రసన్నకుమార్ గొట్టం అందుకున్నాడు. ఎంత కల్తీదైనా కల్లు కల్లేగా! లైసెన్సు పోయినట్టే అనుకుంటూ ఊదాడు.

మిషన్ పలకలేదు. మళ్ళీ ఊదాడు. ఊహూఁ!

“నాలుగు ముంతలు తాగానండీ!” అని నోరు జారాడు.

కానిస్టేబుల్ నవ్వాడు. “తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు లెండి. వెంకన్న తోపులోనేనా? లొట్టి లోపల సున్నం పూసి కడితే కల్లు పులవదండి. నిషా ఉండదు. బయటూళ్ళ నుంచి కారు తోలుకొచ్చేవాళ్ళకి అదే పోస్తాడు. ఎవరితోనూ అనకండేం.”

ప్రసన్నకుమార్‌కి తల కొట్టేసినట్టయింది. బీరు ఎలా పులుస్తుందో గంటలకొద్దీ ఊదరగొట్టినవాడు, కళ్ళెదుట సున్నాన్ని పోల్చుకోలేకపోయాడు! పైగా కాలితో తన్నాడు. ఛీ, ఏం బతుకు!

కారు పక్కకి ఆపి, పెట్టిన వీడియో చెరిపేశాడు. ఏం లాభం? అది అప్పటికే తణుకు నుంచి రాజమండ్రి దాకా ఫోన్లన్నీ తిరిగేస్తోంది. వెనక్కెళ్ళి వెంకన్నకి మొహం చూపించడానికి ధైర్యం చాలలేదు.

వారమంతా అన్నం సయించలేదు. మరుసటి ఆదివారం ఒక్కడే వచ్చాడు.

తోపులో వెంకన్న లేడు. అతని భార్య లోవలక్ష్మి కాలవ రేవులో లొట్లు కడుగుతోంది.

“ఆ వీడియో పెట్టింది నేనేనండి” అన్నాడు తలొంచుకుని.

“గొంతు గుర్తుపట్టానండి. వారం నుంచి అందరి ఫోన్లలోనూ అదేగా.”

“వెంకన్నగారు?”

“పోలవరం వైపు కూలికెళ్ళిపోయాడండి. మీ వీడియో వచ్చిన మర్నాటి నుంచి మా గట్టుకి బేరాలు రావడం మానేశాయి. టౌన్ల నుంచి వచ్చేవాళ్ళంతా కార్లేసుకొచ్చి మీదపడ్డారండి, మీరంతా ఇలాగే కలుపుతున్నారా అని. ఈయన ముందుకెళ్ళి ‘నేనొక్కణ్ణేనండి కలిపింది, ఇంక గీయను’ అని ఒప్పేసుకున్నాడు.”

“అయ్యయ్యో! సున్నమని ఒక్క మాట చెప్పుంటే పోయేది కదండీ! నేను చెప్తాను. ఇప్పుడే, ఇక్కడే నిలబడి, లక్షమందికీ చెప్తాను” అని ప్రసన్నకుమార్ ఫోను తీశాడు.

లోవలక్ష్మి గబగబా రేవు మెట్లెక్కొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

“వద్దండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. మేమూ చెప్పమనే కాళ్ళావేళ్ళా పడ్డాం. ఈ గట్టు మీద గీసే తొమ్మిదిమంది చేతా తోలేవాళ్ళకి ఆ లొట్టి కట్టించింది ఆయనేనండి. ‘గుట్టు తెలిస్తే కారు తోలేవాడెవడూ ఇంక దాన్ని ముట్టడే, నిషా ఉన్నదే అడుగుతాడే, పోతే నా ఒక్కడి పేరేగా, పోనీ’ అన్నాడండి.”