బాటలో ఇద్దరికి చోటు

“‘ప్రాధేయపడుతున్నాను’ ఎందుకండీ? ‘కోరుతున్నాను’ అంటే చాలు,” అంది భార్య, అర్జీ దిద్దుతూ.

లెక్కల మాస్టారు సరేనన్నాడు. ఆయన రిటైరై ఏడు నెలలైంది. అప్పట్నుంచీ ఆమె వంటింట్లో ఉంటే వంటింట్లో, పెరట్లో ఉంటే పెరట్లో ఆయనా ఉన్నాడు. ఒక్క చోటికే వెళ్లలేకపోయాడు. హెడ్‌నర్సుగా చేసి ముందే రిటైరైన భార్య రోజూ తెల్లారగానే కొండవాలు బాటలో గంటసేపు సైకిల్ తొక్కి వస్తుంది. ఆయన మోకాళ్లు మొదటి మలుపుకే మొరాయించాయి. అందుకని బ్యాటరీ సైకిల్ కొన్నాడు. తీరా చూస్తే, ఆ బాటలోకి మోటారున్న బండేదీ రాకూడదని బాట సంఘం నియమం. కొత్త సైకిల్ హాల్లో సోఫా పక్కన నిలబడిపోయింది.

మాస్టారు పట్టు వదల్లేదు. నియమం మార్చాలంటూ సంఘానికి అర్జీ పెట్టి, సభ్యుల ఇళ్లన్నీ తిరిగాడు. చప్పుడు లేకుండా వెనక నుంచి దూసుకొస్తే మా గతేమిటని నడిచేవాళ్లు అడిగారు. వేగానికి హద్దు పెడదాం, మలుపు మలుపుకీ బెల్లు కొడదాం అని కాగితం మీద లెక్కలు వేసి మరీ చూపించాడు. వెళ్లిన ప్రతి ఇంట్లోనూ గంటకు తక్కువ మాట్లాడలేదు. గొంతు బొంగురుపోతే భార్యే వేడినీళ్లు కాచి ఇచ్చింది.

సమావేశంలో ఆయన మాటలకు అందరూ కదిలిపోయారు.

“ముప్పై నాలుగేళ్లు తను డ్యూటీకి, నేను బడికి. ఇకమీదట ఒక్క గంట కూడా తనని విడిచి ఉండకూడదని నా కోరిక,” అన్నాడు.

ముందు వరసలో ఉన్న భార్య చేతిరుమాలుతో కళ్లొత్తుకుంది.

సభ్యులు నలభై ఒక్కమందీ చీటీలు వేశారు. అనుకూలం ఇరవై, వ్యతిరేకం ఇరవై ఒకటి.

ఇంటికొచ్చాక మాస్టారు, “ఒక్క ఓటు. వద్దనడానికి ఎవరికి మనసొప్పిందో,” అన్నాడు.

“పోనీలెండి. మన ప్రయత్నంలో లోపం లేదుగా,” అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే ఆయన గేటు దాకా వచ్చి సాగనంపాడు. నాలుగు జాగ్రత్తలు చెప్పి, ఐదోది చెబుతుండగా ఆమె పెడల్ తొక్కింది. మొదటి మలుపు దాటింది. ముందూ వెనకా ఎవరూ లేరు. మాటా పలుకూ లేదు. ఆమె గుండెల నిండా గాలి పీల్చుకుంది.

‘వద్దు’ అని వేసిన తన ఓటు వృథా పోలేదు.