నిండు బకెట్టు

"ఇప్పుడు?" పడవ పైనుంచి అరిచాను.

"కారుతోంది," పడవ లోపలి గదిలో, మూసిన మూత కిందనుంచి మా ఆవిడ.

ఒళ్ళు మండిపోయింది. వారం నుంచి ఇదే వరస. మూత చుట్టూ పాత గమ్ము గీకడం, కొత్తది పట్టించడం, ఆరాక బకెట్టుతో నీళ్ళు పొయ్యడం.

"సరిగ్గా చూశావా?"

"టార్చి వేసి మరీ చూశా. ధారగా కారుతోంది."

"ఈ కారడం ఆగి చస్తే రేపే వేటకి పోదును! అందరి పడవలూ వెళ్ళిపోయాయి."

"పోయినసారి గాలివానలో చిక్కుకుని ఎలా వచ్చావో మర్చిపోయావా?"

"దానికీ దీనికీ ముడిపెట్టకు!"

మళ్ళీ గీకాను. వేళ్ళు పుళ్ళయ్యాయి. కొత్త గమ్ము పట్టించి, ఆరేదాకా పళ్ళు నూరుకుంటూ కూచున్నాను. తర్వాత సముద్రంలో బకెట్టు ముంచి పైకి లాగాను. నడుం పట్టేసింది. బకెట్టు పక్కన పెట్టి, "చూస్తున్నావా?" అని అరిచాను.

"కారుతోంది," అంది.

బకెట్టు వంక చూశాను. నీళ్ళు అంచుదాకా ఉన్నాయి. ఇంకా ఒక్క చుక్క కూడా పొయ్యలేదు.

నోటిదాకా వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది.

"ధారగానా?"

"ధారగానే. నీ గమ్ము దేనికీ పనికిరాదు."

బకెట్టు చప్పుడు కాకుండా సముద్రంలో వంచేసి, గీకే కత్తి మళ్ళీ అందుకున్నాను.