తీతువు తడి

అలవాటుగా కాంతమణి చప్పట్లు కొట్టింది. తీతువు పిట్ట గుడ్లను వదిలేసి చెరువు అవతలికి ఎగిరిపోయింది.

బడిలోని మరపిట్టలు చప్పట్లకే ఎగురుతాయి, చప్పట్లకే వాలుతాయి. ఆమె ఇన్నేళ్లూ వాటితోనే పాఠం చెప్పింది. ఆరుబయట పాఠం చెప్పే టీచర్ల శిక్షణలో ఇవాళ ఆమెకు ఆఖరి పరీక్ష.

"మళ్లీ కొట్టండి టీచర్, వచ్చెస్తాది," అన్నారు పిల్లలు.

"బతికున్న పిట్ట అలా రాదర్రా," అన్నారు శిక్షణ ఇచ్చే సింహాచలం మేష్టారు. కాంతమణి వైపు తిరిగి, "ముందు నువ్వు చేతులు కట్టుకోమ్మా. పరీక్ష మాట తర్వాత. తల్లి రాకపోతే ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయి," అన్నారు.

ఆమె పిల్లల్ని దూరంగా తుమ్మచెట్టు నీడలో కూర్చోబెట్టింది.

"మరెలా పిలుస్తాం టీచర్?" అంది ఈశ్వరి.

"పిలవం. ఊరుకుని చూస్తాం."

పిట్టకోసం కాచుకోవడం ఆ పిల్లలకు కొత్త. గులకరాళ్ల మధ్య గుడ్లు ఎండలో అలాగే ఉన్నాయి.

చాలాసేపటికి తీతువు తిరిగొచ్చింది. కానీ గుడ్ల దగ్గరికి రాలేదు. నీళ్లలోకి నడిచింది. పిట్ట నీళ్లలో కూర్చుని పొట్ట ఈకలు బాగా తడుపుకుంది. లేచి, నీళ్లు కారుతుండగా రాళ్లమీదుగా నడిచొచ్చి, ఆ తడితోనే గుడ్లమీద కూర్చుంది.

"అలా చెయ్యమని దానికెవరు చెప్పినారు టీచర్?" ఈశ్వరి గుసగుసగా అడిగింది.

కాంతమణి పిల్లల మధ్య చేతులు కట్టుకుని, చూస్తూ కూర్చుంది.